చిందీ నింపిన తలుపు

నరహరికి వినపడింది. వినపడి కూడా ఊరుకున్నాడు.

దశరథం ఈ మాట ఏడాదిగా అంటూనే ఉన్నాడు. సూరత్‌లో, డిండోలి చాయ్ బండి దగ్గర అన్నాడు. ఉధనా స్టేషన్ బయట అన్నాడు. టీకా కోసం లైన్లో నిలబడి, ముక్కు కిందికి జారిన మాస్కుతో, ముందున్న మనిషికీ వెనకున్న మనిషికీ చెప్పాడు. మొదట్లో వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. తర్వాత తలలూపారు. ఇప్పుడు అతను నోరు తెరిస్తే చాలు, జేబులోంచి ఫోన్లు తీసుకుంటున్నారు. అయినా మానలేదు. రేకు పెట్టెలో మనిషిని పడుకోబెట్టి తలుపు వేస్తే, లోపలివాడు ఊపిరాడక కాళ్ళు చేతులు బాదుకుంటే, ఆ పెట్టె మీదే పరుపు పరుచుకుని కూర్చున్నవాడికి చప్పుడు రాదా? రేకు సంగతి తనకు తెలియనిదా? పన్నెండేళ్ళు మగ్గం, పదిహేనేళ్ళు రేకు. వేలిగోరు తగిలితేనే కంగుమంటుంది రేకు.

ఆ పెట్టెలో పోయినవాడు దశరథం తమ్ముడు బిక్షపతి. మీద కూర్చున్నవాడు నరహరి, జోల్వాలో బిక్షపతి నడిపిన మగ్గాలకు మేస్త్రీ. పోయిన ఏడు మే నెలలో, లాక్‌డౌన్‌కు మగ్గాలు ఆగి రెండు నెలలైనప్పుడు, నరహరి ఎవరో వజ్రాల సేటును పట్టుకుని సిరిసిల్ల దాకా బండి మాట్లాడాడు. మంచాలు, పొయ్యి, పాయఖానా అన్నీ లోపలే ఉన్న బండి. పాసు నలుగురికి: నరహరి, భార్య, తల్లి, కూతురు. ఊరికి పోయిన పెళ్ళాం పిల్లలు అక్కడే చిక్కుకుపోయారని బిక్షపతి కాళ్ళావేళ్ళా పడి ఐదో మనిషిగా ఎక్కాడు. మహారాష్ట్ర సరిహద్దులో నవాపూర్ నాకా దగ్గర, పోలీసులు చూసి పంపేదాకా, పది నిమిషాలు పరుపు కింది సామాన్ల డిక్కీలో ముడుచుకోమన్నారు. బండ్ల వరస కదలలేదు. పది నిమిషాలు గంటన్నర అయింది. ఎండ నడినెత్తిన ఉంది.

"మాకు విన్పడలే" అన్నాడు నరహరి ఆనాడు. ఈనాటికీ అదే మాట. వాడి భార్యా అదే మాట, కూతురూ అదే మాట. ఒక్క ఇంటి మనుషులు ఇంకేమంటారు?

రెండో విడత కరోనా కాస్త తగ్గాక కుల సంఘం మళ్ళీ కూర్చోబోతోంది. ఆదివారం. నరహరి విని కూడా తీయలేదని తేలితే, ఊళ్ళో వాడి పొలంలో సగం బిక్షపతి భార్య పద్మారాణి పేర రాయాలి. కాగితం ముందే తయారైంది. తేలడమే మిగిలింది.

గురువారం పొద్దున ఆ బండి వచ్చినప్పుడు దశరథం ఒక స్కూలు బస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పిల్లలు ఎక్కక ఏడాదిన్నర అయిన బస్సు, నేల పలకంతా తుప్పు తినేసింది. పల్సాణా దారిలో అతను పనిచేసే ఆ షెడ్డు జయంతిభాయ్‌ది. బస్సులకు బాడీలు కట్టే పని. ఇప్పుడు కొత్త బాడీలు లేవు. కుళ్ళినవాటికి మాట్లు వేయడమే.

"దశరథ్‌భాయ్, బయటికి రా. ఇది ముందు చూడు" అని జయంతిభాయ్ హిందీలో కేకేశాడు. "సోమవారం పొద్దునకు కావాలట. వరాఛా సేటుది."

తెల్లటి పొడుగాటి బండి. డ్రైవరు పరమేశ్వర్ దిగాడు. తెలంగాణ సరిహద్దులోని దెగ్లూరు వాడు, అందుకని తెలుగు వచ్చు.

"ఎడమ దిక్కు డిక్కీ తలుపు, అన్నా. సేటు కోడలు సాపుతారా కొండలకు పోదామంటున్నది. హోటల్ల దిగరట, భయం. సామాను పెట్టుకునేతందుకు డిక్కీ కావాల్నట."

"తాళం పట్టుకున్నదా?"

"తాళమైతే నేనే తీస్తుంటి. స్క్రూలు కొట్టి మూసిండ్రు. నేను పనికి కుదిరి మూడు నెల్లాయె. అప్పటికే గిట్లున్నది."

తలుపు చుట్టూ స్క్రూలు. కొలత లేకుండా, వంకరటింకరగా, చేతికి దొరికినవి దొరికినట్టు కొట్టారు. పనివాడు కొట్టినవి కావు, తొందరలో ఉన్నవాడు కొట్టినవి. దశరథం ఒక్కోదాని తల మీద నూనె చుక్క వేసి, బీడీ కాలేంత సేపు ఆగి, విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి తల తెగింది. దాన్ని డ్రిల్లుతో తొలిచాడు. ఆఖరిది విప్పే ముందు, అలవాటుగా, రేకు మీద అరచెయ్యి పెట్టి రాశాడు. రేకుకు దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో కంటికంటే ముందు అరచేతికి తెలుస్తుంది.

కింది మూల దగ్గర రేకు బయటికి ఉబ్బి ఉంది. ఒక ఉబ్బు కాదు. పక్కపక్కనే కొన్ని, ఒకదాని మీద ఒకటి ఎక్కి.

"లోపల సామాను కదిలి తాకిందేమో" అన్నాడు పరమేశ్వర్.

"సామాను ఒక్క కాడనే ఇన్నిసార్లు తాకది."

పరమేశ్వర్ చెప్పులతో నేల రాశాడు. "వాచ్‌మన్ ఒక ముచ్చట చెప్పిండు. నిజమో అబద్ధమో. లాక్‌డౌన్ల ఈ బండి తెలంగాణోళ్ళను దించుటానికి పోయిందట. నవాపూర్ కాడ ఒకడు పోయిండట. పాత డ్రైవరు వాపస్ తెచ్చి, స్క్రూలు కొట్టి, తాళంచెవి వాచ్‌మన్ చేతుల పెట్టి పోయిండట. మళ్ళ రాలే."

దశరథం చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు, పట్టుకునీ లేడు. అది దానంతటది జారి కాంక్రీటు మీద పడింది.

ఆ ఉబ్బులు లెక్కపెట్టాడు. ఆరు. ఏడోది కూడా ఉందేమో, సరిగ్గా చెప్పలేం. తర్వాత అతనికి కలిగినది ఏడుపు కాదు. సంతోషం లాంటిదే. ఏడాదిగా గాలిలో మాట్లాడుతున్నాడు. ఇప్పుడు చేతిలో రేకు ఉంది. ఇంత గట్టిగా తన్నితే మూడు బండ్ల అవతలి వాడికి కూడా వినపడుతుంది. షెడ్డు వెనక్కి పోయి సంఘం పెద్ద సోమలింగానికి ఫోను చేశాడు.

"అన్నా, ఆయితారం తలుపు పట్టుకొస్త. తలుపే మాట్లాడ్తది. నరహరిగాన్ని తప్పకుండ పిలువుండ్రి."

"ఏం తలుపురా?"

"చూస్తరు గద."

ఆ సాయంత్రం ఇంట్లో, బిక్షపతి పోయాక పిల్లలతో వీళ్ళ దగ్గరికే వచ్చిన పద్మారాణి మోకాళ్ళ మీద చీర పరుచుకుని గాజు రాళ్ళు అంటిస్తోంది. పుల్ల మొనతో జిగురు చుక్క, దాని మీద రాయి, వేలితో నొక్కు. చీరకు వెయ్యికి పైన. ఇద్దరు పిల్లలూ గోడవారగా కూర్చుని ఒక్క ఫోనులో క్లాసు వింటున్నారు. దశరథం గడపలో నిలబడే చెప్పాడు.

"దొరికింది, రాణీ. ఆ బండే. తలుపు మీద దెబ్బలున్నయ్, లోపల్కెల్లి."

ఆమె తల ఎత్తలేదు. రాయి నొక్కి, వేలు తీసి, చూసుకుంది.

"ఎన్ని దెబ్బలున్నయ్ బావా?"

"లెక్కవెట్టలే" అన్నాడు దశరథం.

"కాళ్ళు కడుక్కుని కూసో ముందు" అంది అతని భార్య సంధ్య, వంటగదిలోంచి. "గడపల నిలబడి చెప్పే మాటలా అవి?"

శుక్రవారం వాన. షెడ్డు రేకుల మీద ఒకటే మోత. తలుపును కీళ్ళ నుంచి ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టాడు. ఇలాంటి తలుపుకు రెండు రేకులు ఉంటాయి: బయటిది మందం, లోపలిది పలుచన, నడుమ రెండంగుళాల బోలు. బయటి ఉబ్బు సరిచేయాలంటే లోపలి రేకు తీయాలి. సరిచేసే ఉద్దేశం ఇప్పుడే లేదు. సంఘం చూశాకే సుత్తి. కానీ లోపలి రేకు మీద కాళ్ళ గుర్తులు ఎలా ఉన్నాయో చూడాలి, దాని మీద నల్ల రెక్సిన్ అంటించి ఉంది. రెక్సిన్ ఒలిచాడు.

లోపలి రేకు ముడతలు పడి లోనికి కుంగిపోయింది. మడమల గుర్తులు. చెప్పులు లేని మడమలు. వాటిని చూసి దశరథం చాలాసేపు బీడీ వెతుక్కున్నాడు. బీడీ చెవి మీదే ఉంది.

అంచు చూశాడు అప్పుడు.

రేకు అంచును మామూలుగా ఎవరైనా ఒక్క మడత వేసి రివిట్ కొడతారు. ఇది రెండు మడతలు, రెండో మడత మొదటిదాని లోపలికి దూర్చి ఉంది. చీర అంచు విచ్చిపోకుండా మడిచినట్టు. ఈ దారిలో అన్ని షెడ్డుల్లోనూ రేకును ఇలా మడిచేవాడు ఒక్కడే. "కపడావాలా మోడ్", గుడ్డలవాడి మడత, అని జయంతిభాయ్ దశరథాన్ని చూసి నవ్వుతుంటాడు.

దశరథం డ్రిల్లు తీసుకున్నాడు. రివిట్లు ఒక్కొక్కటే తల ఎగిరిపోయాయి. లోపలి రేకు మూల పట్టి లేపాడు. బోలు బోలుగా లేదు. నిండుగా ఉంది. చిలకాకుపచ్చ, గులాబి, చిలకాకుపచ్చ, గులాబి: మగ్గం పక్కన గుడ్డ నుంచి తెగి పడే కుచ్చు అంచులు, సూరత్‌లో అందరూ చిందీ అనేది. మూరెడు మూరెడు మెలిపెట్టి, సాలోళ్ళ ముడి వేసి, వరసకు వరస ఆనించి, సందు లేకుండా కుక్కి ఉన్నాయి.

కరోనా పేరు కూడా వినని చలికాలం అది. తలుపులు ఎనిమిది టెంపోలో వచ్చాయి, ఒట్టి తలుపులు, రంగు లేనివి. బండి ఎవరిదో ఏదో తెలియదు. "సేటుకు చప్పుడు పడదట. నేలకూ గోడలకూ ఫోమ్ పెట్టించాడట, తలుపులే రోడ్డు మీద డబ్బాల్లా మోగుతున్నాయట. ఫోమ్ తెప్పించనా?" అన్నాడు జయంతిభాయ్. ఫోమ్ ఎందుకు, అది రెండేళ్ళకు పొడైపోతుంది, నేను చూసుకుంటానన్నాడు దశరథం. అయ్యాక ఒక్కో తలుపును సుత్తితో కొట్టి చూపించాడు. పరుపును కొట్టినట్టుంది. జయంతిభాయ్ పనివాళ్ళందరినీ పిలిచి, "ఇది డిక్కీ తలుపు కాదు, తిజోరీ తలుపు" అన్నాడు. దశరథం ఆ పూట చాలా పొగరుగా నడిచాడు.

వాన పడుతూనే ఉంది. అతను లోపలి రేకును మళ్ళీ మూశాడు.

శనివారం పదింటికి వాన ఆగింది. దశరథం తలుపును ఉన్నది ఉన్నట్టే, ఉబ్బులతో, చిందీతో, తాత్కాలికంగా స్క్రూలు వేసి బండికి బిగించాడు. పరమేశ్వర్‌ను పిలిచాడు.

"నువ్వు మీద పరుపు మీద కూసో. కిటికీలు మూసుకో. నేను డిక్కీలకు పోయి కొడ్త. చప్పుడు విన్పడంగనే దిగొచ్చి తీయి."

"ఎందుకన్నా?"

"రబ్బరు పట్టు చూడాలె."

"విన్పడకుంటే?"

"విన్పడ్తది. విన్పడకుంటే పావుగంటకు తీయి."

మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుంటే గానీ పట్టలేదు. తమ్ముడు తనకంటే జానెడు పొడుగు. పరమేశ్వర్ తలుపు వేశాడు, గొళ్ళెం పడింది. గొళ్ళెం బయట మాత్రమే ఉంది. ఆ సంగతి కూడా తనకు తెలిసిందే; ఎనిమిది గొళ్ళేలూ తను బిగించినవే. డిక్కీలో మనుషులు ఉండరు కదా.

చీకటి. జిగురు వాసన. తలకాయ పైన చెక్క కిర్రుమంది, పరమేశ్వర్ కూర్చున్నాడు.

పిడికిలితో కొట్టాడు. నాలుగుసార్లు. ఆగాడు. చెక్క మళ్ళీ కిర్రుమంది, అంతే. మోచేత్తో కొట్టాడు. వీపును గోడకు ఆనించి మడమలతో తన్నాడు, పనివాడి బలం కొద్దీ. లోపల చెవులు దద్దరిల్లుతున్నాయి. తమ్ముడు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు: ఇంత మోత, ఇప్పుడు తీస్తారు. మళ్ళీ తన్నాడు. "పరమేశ్వర్" అని అరిచాడు. ఆ తర్వాత అరవలేదు, తన్నలేదు. చెమట కంట్లోకి దిగుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి పైకి రాలేదు. అలాగే ఉన్నాడు.

వెలుతురు పడింది. పరమేశ్వర్ చేతిలో ఫోనుతో వంగి చూస్తున్నాడు.

"ఇంకా మొదలువెట్టవేంది అన్నా? పదిహేను నిమిషాలాయె, చూస్తనే ఉన్న."

దశరథం బయటికి వచ్చి, షెడ్డు కుళాయి కింద తల పెట్టాడు. తల తుడుచుకోకుండానే తలుపు ఊడదీశాడు. చిందీ మొత్తం లాగి బయటేశాడు. కొయ్య సుత్తి తీసుకుని, ఉబ్బు కింద ఇసుక సంచి పెట్టి, చుట్టూ నుంచి నడిమికి చిన్న చిన్న దెబ్బలతో రేకును దించాడు. ఒక్కో దెబ్బకు అరచేత్తో రాసి చూసుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికల్లా ఉబ్బుల గుర్తే మిగలలేదు. గుడ్డివాడు తడిమినా కనిపెట్టలేడు. పుట్టీ, రంగు, కొత్త రెక్సిన్. నడుమ బోలును బోలుగానే వదిలేశాడు. ఎవరూ అడగకుండానే లోపలి వైపు ఒక కడ్డీ అమర్చాడు, లాగితే గొళ్ళెం తెరుచుకునేలా.

జయంతిభాయ్ వచ్చి వేలితో కొట్టాడు. కంగుమంది.

"ఇదేంటి, మోగుతోంది?"

"మోగనీ, జయంతిభాయ్."

"వాళ్ళు వాపసు తెస్తారు."

"తెస్తే నన్ను పిలవకు" అన్నాడు దశరథం.

ఆదివారం సంఘం మేడ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు దూరదూరంగా వేశారు. గుమ్మంలో చేతుల మీద మందు చల్లి లోపలికి పంపుతున్నారు. ఆడవాళ్ళు కిటికీ వైపు. పద్మారాణి, సంధ్య పక్కపక్కన కూర్చున్నారు. నరహరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. మనిషి సగమయ్యాడు. దశరథం మెట్లెక్కి వస్తుంటే వాడి కళ్ళు దశరథం మొహం మీద కాక చేతుల మీద ఉన్నాయి.

"ఏదయ్యా తలుపు?" అన్నాడు సోమలింగం.

"తేలే."

"తెస్త తెస్తనని ఫోన్ల మొత్తుకుంటివి గద!"

"అక్కెర లేదు. నరహరికి విన్పడలే. వాడు చెప్పింది నిజమే."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక నుంచి ఎవరో, "ఎంతకు తెగింది దశరథం, బేరం?" అన్నారు. ఇద్దరు నవ్వారు.

ముందు మండిపడింది నరహరే. "థూ, నేను వీనికి చాయ్ గూడ తాపలే! నన్నెందుకు నడుమ గుంజుతరు?"

"ఆగు నువ్వు" అన్నాడు సోమలింగం. "దశరథం, ఏడాది సంది మా చెవులు తిన్నవ్, విన్పడ్డది విన్పడ్డదని. ఇయాల విన్పడలే అంటున్నవ్. నీకెట్ల తెల్సు?"

"ఆ తలుపు నేను చేసిందే. అప్పుడు ఎరుక లేదు. రెండు రేకుల నడుమ చిందీ కుక్కిన. చప్పుడు బయటికి రావద్దనే కుక్కిన. నిన్న నేనే లోపలికి పోయి తన్నిన. మీద కూసున్నోడు ఫోన్ చూసుకుంట కూసున్నడు."

ఎవరూ నవ్వలేదు. పద్మారాణి లేచి నిలబడింది. మాస్కు కిందికి లాగింది.

"ఏ రంగు చిందీ, బావా?"

దశరథం నోరు తెరిచేలోపే ఆమే అంది.

"చిలకాకుపచ్చ, గులాబి. గంతేనా? జోల్వాకెల్లి మూడు సంచులు మోసుకచ్చిండు మా ఆయన. అన్నకు కావాల్నట అని, బస్సుల ఎక్కనియ్యకుంటే నడిచొచ్చిండు. భుజం ఒరుసుకపోతే నేనే నూనె రాసిన. గవేనా?"

"గవే."

ఆమె కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని వేలికి అంటుకున్న ఎండు జిగురు గీకుతూ ఉండిపోయింది.

నరహరి గోడ వదిలి ముందుకు వచ్చాడు. గొంతు పెద్దది చేయలేదు.

"ఏడాది సంది నా ఇంట్ల ఎవ్వడు నీళ్ళు ముట్టలే. మేస్త్రీ పని పీకిండ్రు. ఏప్రిల్‌ల మా అమ్మ పోయింది. మొయ్యనీకె నలుగురు రాలే. కరోనా గదా, భయపడ్డరనుకున్న. కరోనా గాదురా దశరథం. నీ నోరు." తర్వాత సోమలింగం వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, ఆ కాయితం మీద నా పేరున్నది. కొట్టేస్తవా, నేను చింపాల్నా?"

సోమలింగం కాగితం తీసి పేరు కొట్టేశాడు. పెన్ను మూత పెట్టబోయి కాగితం మళ్ళీ చూశాడు. కాగితంలో ఆ పేరున్న చోట తప్ప మిగతాదంతా నిండుగా ఉంది: పద్మారాణి పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, సాక్షుల పేర్లు.

"ఇగ ఇది చెల్లది" అన్నాడు సోమలింగం. "అందరు ఇంటికి పోండ్రి."

"నా పేరు రాయి" అన్నాడు దశరథం.

"పిచ్చిగ మాట్లాడకు. నువ్వు ఎరుకుండి చేసినవా?"

"నరహరి ఎరుకుండి చేసిండా? వాన్ని ఏడాది నిలబెట్టినం గద."

"నీ దగ్గరేమున్నదిరా ఇయ్యనీకె?"

"మానేరు అవతల చెలక భూమి."

"సగం రాయాల్నా?"

"ఉన్నదంత. ఎకరం గూడ లేదు."

సంధ్య కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఎవరి వైపూ చూడకుండా గుమ్మం దాటింది. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద కిందిదాకా స్పష్టంగా వినపడింది. దశరథం వెనక్కి తిరగలేదు. సోమలింగం హద్దులు అడిగాడు, అతను చెప్పాడు, సోమలింగం రాశాడు. నరహరి అదంతా అయ్యేదాకా నిలబడి, సంతకం పడ్డాక వెళ్ళిపోయాడు. కాగితం పద్మారాణి చేతికి ఇచ్చే ముందు సోమలింగం ఆనవాయితీగా పైకి చదివాడు: సిరిసిల్ల అవతల, మానేరు ఒడ్డు చెలక, తూర్పున బండ్లబాట, పడమర వాగు, దశరథం పేరు మీద ఉన్నది మొత్తం, ఇరవై మూడున్నర గుంటలు.